మైలేజీ కోసం తూచిన ఒడిబియ్యం

మా కారు పాతది, చిన్నది, పెట్రోలు బండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. నీటిపారుదల శాఖలో నా పని కాలువ మీద గేజీలు చూడటం. నీటి మట్టం ఎంత ఉందో చదివి, అంకె పైకి చెబితే, పక్కన ఉన్నవాళ్ళు రాసుకునేవారు. రిటైరయ్యి సూర్యాపేటలో స్థిరపడ్డాక పొద్దున లేస్తే చదవటానికి ఏ గేజీ లేదు. చిన్నప్పటినుంచి రాస్తున్న డైరీలో ఆ రోజు ఎండ ఎంత, ఏం కూర, ఎవరు వచ్చి వెళ్ళారు అన్నవి తప్ప రాయటానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు నా చూపు కారు మీద పడింది.

ఫోన్‌లో వీడియోలు చూశాను. హైవే మీద బండి తాగే పెట్రోలులో ఎక్కువ భాగం గాలిని చీల్చుకు పోవటానికే ఖర్చవుతుందని, గాలికి అడ్డు తగ్గిస్తే, బరువు తగ్గిస్తే, అదే పెట్రోలుతో ఇంకా దూరం పోవచ్చని వాటిలో చెప్పారు. అది నాకు నచ్చింది. కాలువలో నీరు కూడా అంతే కదా, అడ్డు లేకపోతే నిమ్మళంగా పారుతుంది.

మొదట పైన సామాను పెట్టుకునే ఇనుప చట్రం ఊడదీశాను. టైర్లలో కొంచెం ఎక్కువ గాలి కొట్టించాను. ముందు జాలీలోంచి గాలి దూరకుండా, ఎన్నికలప్పటి పాత ఫ్లెక్సీ ఒకటి సంపాదించి, కత్తిరించి, జాలీకి లోపలివైపు బిగించాను. బంపరు కింద మిర్యాలగూడ రైసు మిల్లులో పారేసిన రబ్బరు బెల్టు ముక్కను బోల్టులతో వేలాడగట్టాను. వెనక చక్రాలకు అల్యూమినియం రేకు గుండ్రంగా కోయించి మూతలు పెట్టాను. లైట్ల చుట్టూ ఉన్న సందులకు టేపు అంటించాను. చివరికి వెనక సీటు కూడా ఊడదీసి మేడ మీది గదిలో పడేశాను.

ఫ్లెక్సీని తిప్పి బిగించాలన్న సంగతి నాకు తోచలేదు. జాలీ సందుల్లోంచి నమస్కారం పెడుతున్న రెండు చేతులు మాత్రం కనిపించేవి. ఎదురింట్లో ఉండే రిటైర్డు కండక్టరు పొద్దున్నే పాల ప్యాకెట్లతో వస్తూ ఆగి, వంగి చూశాడు.

"ఏంది సారూ, మీ కారు ఓట్లడుగుతున్నదా?"

"మైలేజీ కోసమయ్యా."

"గట్లనా! నేనింక యాక్సిడెంటయి కట్లు కట్టిన్రేమో అనుకున్న."

నేను నవ్వలేదు. ఆయనకు గాలి ఒత్తిడి గురించి వివరంగా చెప్పాను. ఆయన పాల ప్యాకెట్లు వేడెక్కుతున్నాయని చెప్పి వెళ్ళిపోయాడు.

మైలేజీ పెరిగిందా అంటే పెరిగింది. అప్పుడు చలికాలం. సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే మీద ఒకే వేగంతో పోయి, ట్యాంకు నింపి, మళ్ళీ వచ్చి, మళ్ళీ నింపి, లెక్క చూసేవాణ్ణి. లెక్క సరిగా రావాలంటే బండిలో ఎంత బరువు ఉందో కూడా తెలియాలి. అందుకని చేతికి వేలాడదీసుకునే చిన్న కాంటా ఒకటి కొన్నాను. దాని కొక్కేనికి సంచీ తగిలిస్తే అంకె వస్తుంది. మంచినీళ్ళ సీసా, గొడుగు, మా ఆవిడ బట్టల సంచీ, కారులోకి ఏది ఎక్కినా ముందు దానికి తగిలించేవాణ్ణి.

"నన్ను గూడ తగిలియ్యి, ఒక పని ఐపోతది," అందామె ఒకసారి.

అద్దాలు దించితే గాలి లోపలికి వచ్చి బండిని పట్టుకుంటుంది. ఏసీ వేస్తే ఇంజను మీద భారం పడుతుంది. కాబట్టి మా కారులో అద్దాలు మూసి ఉండేవి, ఏసీ ఆపి ఉండేది.

"ఏమయ్యా, గీ అద్దం జర దించరాదు?"

"దించితే గాలి పట్టుకుంటది."

"నన్నేం పట్టుకున్నదో సూస్తున్నవా? సెమట."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఊరుకునేది. ఆ ఊరుకోవటాన్ని నేను ఒప్పుకోవటం అనుకున్నాను.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మిర్యాలగూడ నుంచి ఫోను వచ్చింది. అది ఆమె పుట్టిల్లు. అక్కడ ఉన్నది ఆమె తమ్ముడు, అతని భార్య. బామ్మర్దికి అంతకుముందు సంవత్సరం పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా ముద్దగా వస్తుంది. ఫోనులో మాట్లాడింది అతని భార్య.

"వదినె, ఈయన ఒక్కటే పట్టు పట్టిండు. అక్కకు ఒడిబియ్యం పోయాలె, పిలువు అంటున్నడు. నువ్వు, అన్న ఇద్దరు రావాలె."

మా వైపు ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోస్తారు. పెళ్ళినాడు మొదలవుతుంది. తర్వాత కొన్నేళ్ళకొకసారి ఆమెను, భర్తను పిలిచి, పీటల మీద కూర్చోబెట్టి, కొత్త బట్టలు పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు ఆమె కొంగులోకి దోసిళ్ళతో పోస్తారు. గుడ్డలో కట్టిన ఆ మూట ఆమె ఒడిలోనే మెట్టినింటికి రావాలి, దారిలో నేల మీద పెట్టకూడదు. ఇంటికి తెచ్చి దేవుడి దగ్గర పెట్టి, మంచిరోజు చూసి వండి, అయినవాళ్ళను పిలిచి అన్నం పెట్టాలి. ఎంత పోశారన్నది ఎవరూ అడగరు, ఎవరూ చూడరు. నీకు ఇక్కడ ఇంకా చోటుందని పుట్టిల్లు చెప్పే మాట అది.

మా అత్తగారు పోయాక ఆ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు. తమ్ముడు పడిపోయాక మా ఆవిడ ఇక ఆశ వదులుకుంది. అందుకే ఆ రోజు ఫోను పెట్టేసి చాలాసేపు వంటింట్లో అటు తిరిగి నిలబడింది. తర్వాత బయటికి వచ్చి, "తమ్మునికి మంచి అంగి తేవాలె," అంది.

ఆమెకు అది పుట్టింటి పిలుపు. నాకేమో ఎండాకాలంలో మొదటి పరీక్ష. నేను ట్యాంకు నింపించి, టైర్లు చూపించి, కాంటాకు కొత్త బ్యాటరీ వేశాను.

గరిడేపల్లి మీదుగా దగ్గరి దారిన వెళ్ళాం. యాసంగి వడ్లు రోడ్డుకు ఒక పక్కంతా ఆరబోసి ఉన్నాయి. మాటిమాటికి బ్రేకు వేయవలసి వచ్చి నా లెక్క పాడైంది. ఆ చిరాకుతోనే మిర్యాలగూడలో దిగాను.

ఇంటి ముందు సున్నం వేసి, ముగ్గు వేసి ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. మమ్మల్ని పీటల మీద కూర్చోబెట్టారు. బామ్మర్దిని కుర్చీలో తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. ఎడమచేత్తో పోయకూడదని, పడిపోయిన అతని కుడిచేతిని భార్య తన రెండు చేతులతో లేవనెత్తి బియ్యం పళ్ళెంలోకి దించింది. అతని వేళ్ళు ముడుచుకోవు. ఆమె తన దోసిలి అతని అరచేయి కింద పెట్టి, ఇద్దరి చేతులతో బియ్యం ఎత్తి, మా ఆవిడ కొంగులో పోసింది. చాలా బియ్యం మధ్యలోనే జారిపోయింది. మళ్ళీ ఎత్తింది. అతని నుదుటి మీద చెమట పట్టింది. మా ఆవిడ ఒడి పట్టుకుని తమ్ముడి ముఖంలోకే చూస్తూ కూర్చుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆ చేతులు నేనూ చూశాను. చూసి కూడా బయట బండి ఎండలో ఉందని, పెట్రోలు ఆవిరవుతుందని ఆలోచించాను.

భోజనాలయ్యాక బయలుదేరాం. అందరూ వాకిట్లోకి వచ్చారు. మా ఆవిడ కారు ఎక్కబోతూ, చీర కుచ్చిళ్ళు సర్దుకోవటానికి ఒడిబియ్యం మూటను ఒక్క క్షణం నా చేతికి ఇచ్చింది. నా జేబులో కాంటా ఉంది. నేను దాన్ని తీసి మూట ముడికి కొక్కెం తగిలించి పైకెత్తాను. అది కీచుమంది. అలవాటు ప్రకారం అంకె పైకి చదివాను.

గేజీ దగ్గర చదివినంత గట్టిగా చదివాను. ఆ అంకె ఇక్కడ రాయను.

మా ఆవిడ చేతులు కుచ్చిళ్ళ మీదే ఆగిపోయాయి. వెనకనుంచి ఒక ముసలమ్మ, "ఎంతున్నదట?" అని అడిగింది. ఇంకొకామె, "ఏమో, సరిగ్గ పోసిన్రో లేదో సూసుకుంటున్నడు," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

బామ్మర్ది భార్య ముందుకు వచ్చింది. ఆమె నన్ను ఎప్పుడూ అన్నా అని పిలుస్తుంది. ఆ రోజూ అలాగే పిలిచింది.

"తక్కువైతే చెప్పున్రి అన్నా. లోపల ఇంకింత ఉన్నది, తెచ్చి పోస్త."

"అయ్యో, అట్ల కాదమ్మా. బండి మైలేజీ కోసం. బరువు తెలిస్తే లెక్కకు..."

"మైలేజా? మా బియ్యం మీ బండికి బరువైనయా?"

అప్పుడైనా నోరు మూసుకోవలసింది. నేను మూసుకోలేదు. బరువుకూ పెట్రోలుకూ సంబంధం ఏమిటో, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ బరువులో తేడా ఎందుకు రాసుకోవాలో ఆ ఎండలో నిలబడి చెప్పాను. నేను చెప్పే కొద్దీ ఆమె ముఖం బిగుసుకుంది. గడప దగ్గర మా కోసం ఒక సంచీ పెట్టి ఉంది. అందులో సొరకాయలు, మామిడికాయలు ఉన్నాయి. ఆమె వెళ్ళి ఆ సంచీని ఎత్తుకుని లోపలికి నడిచింది.

"ఇది గూడ బరువైతది," అంది తిరిగి చూడకుండా.

బామ్మర్ది కుర్చీలోనుంచి, "పోనీ... పోనీయ్యి," అని ముద్దగా అన్నాడు. అది భార్యతో అన్నాడో నాతో అన్నాడో తెలియదు. ముఖం మాత్రం గోడ వైపు తిప్పుకున్నాడు. మా ఆవిడ నా చేతిలోంచి మూట తీసుకుని, కొక్కెం తానే విప్పి, కాంటాను నా చేతిలో పెట్టి, కారెక్కి కూర్చుంది.

తిరుగు దారిలో నేను హుజూర్‌నగర్ వైపు తిప్పాను. కోదాడ చేరితే అక్కణ్ణుంచి సూర్యాపేట దాకా హైవే దొరుకుతుంది.

"ఇటెందుకు?" అందామె. అదే ఆమె మొదటి మాట.

"హైవే మీద మైలేజీ బాగొస్తది."

"దూరం కాదా?"

"దూరమే."

"దూరం తిరిగితే పెట్రోలు ఎక్కువనే కదా తాగుడు?"

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయన్నదే నెలల తరబడి చూశాను తప్ప, మొత్తం ఎన్ని లీటర్లు పోస్తున్నానన్నది చూడనే లేదు. జీవితమంతా నీళ్ళ లెక్కలు చూసినవాణ్ణి. ఆ తప్పు కిందివాళ్ళు చేస్తే కాగితం విసిరికొట్టేవాణ్ణి.

హుజూర్‌నగర్ దాటాక ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేవటం మొదలైంది. చలికాలంలో ఎప్పుడూ కదలని ముల్లు అది. బండికి గాలి ఆడకుండా ముక్కు మూసింది నేనే. కోదాడ ఇంకా కొంత దూరం ఉందనగా ముందునుంచి ఆవిరి లేచింది. రోడ్డు పక్క ఒక బస్సు షెల్టరు కనబడితే అక్కడ ఆపాను.

మా ఆవిడ దిగి షెల్టరులో బల్ల మీద కూర్చుంది. పక్కన బోలెడు చోటు ఉన్నా మూటను ఒడిలోంచి తీయలేదు. చీర వీపుకు అతుక్కుపోయింది. నేను బానెట్ ఎత్తి, టేపు పీకి, ఫ్లెక్సీని లాగాను. రెండు వేళ్ళు కాలాయి. నమస్కారం పెడుతున్న ఆ చేతుల బొమ్మ ముడతలు పడి చేతికి వచ్చింది. దాన్ని ఎక్కడ పారేయాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను.

"మనిషిని గూడ ముక్కు నోరు మూసి ఉరుకుమంటే ఉరుకుతడా?" అందామె. "నాకు గట్లనే ఉంటుండె లోపల. ఎన్నడన్న అడిగినవా?"

"అడగలేదు."

"నా సంగతి పోనియ్యి. మా అమ్మ పోయినంక నాకు ఆ ఇల్లున్నదో లేదో తెల్వకపాయె. ఇయ్యాల ఉన్నదన్నరు. కారెక్కనన్న ఎక్కలే, నువ్వు కాంటా తీసినవ్."

"వాళ్ళను తక్కువ చేద్దామని కాదు..."

"నాకు తెల్సు. నువ్వు గొడుగును గూడ తూకమేస్తవు. మరి వాళ్ళకెట్ల తెలుస్తది? మా మొగడు తిక్కోడు, గంతే, అని ఆడ నిలబడి చెప్పాల్నా నేను?"

చెప్పినా బాగుండేదనిపించింది. ఆమె నన్ను నలుగురిలో అంత మాట అనలేక, పుట్టింటివాళ్ళ ముందు తలదించుకుని వచ్చింది.

బండి చల్లారాక, నీళ్ళు పోసి నెమ్మదిగా కోదాడ చేర్చాను. బస్టాండు దగ్గర ఆమె ఆపమంది. మూటతో దిగి, సూర్యాపేట బస్సు ఎక్కింది. నేను వద్దనలేదు. బస్సు వెనకే వచ్చాను. అది ఆగిన ప్రతిచోటా ఆగాను. ఆమె కిటికీ అద్దం తెరిచి ఉంది, కొంగు గాలికి బయటికి ఎగురుతోంది.

ఇంట్లో ఆమె మూటను దేవుడి దగ్గర పెట్టింది. కానీ వండలేదు. మా ఇంట్లో ఒడిబియ్యం అన్నానికి పుట్టింటివాళ్ళు తప్పకుండా ఉండాలి. ఆమె మిర్యాలగూడకు ఫోను చేస్తే మరదలు, "సూద్దాం వదినె, ఈయనకు బస్సెక్కుడు కాదు," అని పెట్టేసింది. ఇంకోసారి చేస్తే ఎత్తలేదు. మంచిరోజు ఒకటి దాటిపోయింది.

"వాళ్ళు రాకపోతే మానె. వండెయ్యి," అన్నాను ఒక పూట.

"వాళ్ళు రాకుండ ఆ బియ్యం నేనెట్ల తింట?" అని ఆమె నా వైపు చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను కారు దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటే విప్పాను. చక్రాల మూతలు, రబ్బరు బెల్టు, టేపు. మేడ మీదినుంచి వెనక సీటు దించటానికి ఎదురింటి కండక్టరు సాయం పట్టాడు. "ఏంది సారూ, కట్లు విప్పుతున్రు, మానిందా?" అన్నాడు. మానలేదని చెప్పాను.

మర్నాడు ఒక్కణ్ణే మిర్యాలగూడ వెళ్ళాను. బామ్మర్ది భార్య తలుపు తీసి, దారి ఇవ్వకుండా నిలబడింది. దారంతా కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి నేరుగా అన్నాను.

"తప్పు చేసిన అమ్మా. మీరిద్దరు రాకపోతే మీ వదినె ఆ బియ్యం వండదు. తీసుకపోతందుకు వచ్చిన."

ఆమె తలుపు కొంచెం దగ్గరికి వేసింది. తర్వాత మెల్లగా, లోపలికి వినపడకుండా అంది.

"ఆ బియ్యం ఎవరు ఏరిన్రో ఎరుకేనా అన్నా? నేను చాటల పోసిస్తే, ఈయన ఎడమచేత్తోటి ఒక్కొక్క రాయి, ఒక్కొక్క వడ్లగింజ ఏరిండు. నేనేరుత అంటే ఇయ్యలే. మా అక్క పంటి కింద రాయి రావద్దు అన్నడు. పొద్దంత కూసొని ఏరుకుంట, అలిసిపోయి గా చాట మీదనే నిద్రవొయ్యిండు. గవే మీరు కొక్కేనికి ఏసిన్రు."

ఇంతకాలం ఉద్యోగంలో ఎన్నో చీవాట్లు తిన్నాను, కొన్ని తప్పుకు, కొన్ని తప్పు లేకుండా. ఆ గడప ముందు నిలబడినప్పటి సిగ్గు వాటిలో దేనికీ దగ్గర లేదు.

లోపలినుంచి కుర్చీ కదిలిన చప్పుడైంది. అతను అంతా విన్నాడో లేదో తెలియదు. "ఎవరు... బావనా?" అన్నాడు. ఆమె అవునంది.

"అంగి తే," అన్నాడు భార్యతో. "అక్క తెచ్చింది. కొత్తది."

ఆమె వెంటనే కదలలేదు. నన్ను, వాకిట్లో ఉన్న కారును, ఊడదీసినవన్నీ మళ్ళీ బిగించిన ఆ మామూలు పాత కారును చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి అంగి తెచ్చి అతనికి తొడిగింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆమె వెనక కూర్చుంది. ఏసీ పెట్టాను. గరిడేపల్లి దారినే వచ్చాం. దారంతా ఆమె నాతో మాట్లాడలేదు.

మా ఇంటి ముందు కారు ఆగగానే మా ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. తమ్ముడిని చూసి అక్కడే ఏడ్చింది. ఆ సాయంత్రమే పొయ్యి వెలిగించింది. కడిగినా ఇంకా లేత పసుపు వదలని అన్నం, పప్పు, పూర్ణం బచ్చాలు, మామిడికాయ పచ్చడి. ఎదురింటి దంపతులనూ పిలిచింది. తమ్ముడికి తానే కలిపి ముద్దలు పెట్టింది. అతను నెమ్మదిగా నమిలి, ప్రతి ముద్దకూ తల ఊపాడు. అన్నంలో ఒక్క రాయి కూడా లేదు.

నేను చివర కూర్చుని తల ఎత్తకుండా తిన్నాను. పళ్ళెంలో అన్నం అయిపోయింది, అడగటానికి నోరు రాలేదు. బామ్మర్ది భార్య అది గమనించింది. అప్పటికీ నాతో నేరుగా మాట్లాడటం లేదు. మా ఆవిడ వైపు తిరిగి, అందరికీ వినపడేలా అంది.

"వదినె, అన్నకు ఇంకింత పెట్టు. మా బియ్యం సాలలేదేమో."

ఎదురింటాయన దగ్గుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మా ఆవిడ నన్ను చూసింది, మరదల్ని చూసింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక నవ్వింది. మరదలు కూడా నవ్వింది. మిర్యాలగూడ వాకిట్లోంచి కదిలి వచ్చిన తర్వాత ఆ ఇద్దరూ కలిసి నవ్వటం అదే మొదలు. ఆ నవ్వు నా మీదే అని నాకు తెలుసు. చెవులు కాలిపోతున్నాయి. తల వంచుకునే పళ్ళెం ముందుకు జరిపాను.